అప్ప అడిగిన నీళ్ళు

అప్ప చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేది. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ తరం ఆడవాళ్ళు కొండల మీదా, కింద పల్లెల్లోనూ చాలామంది అలాగే కాల్చేవారు. గాలికి ఆరిపోదు, వానకు తడవదు, పనిచేసే చేతులకు అడ్డం రాదు. నోట్లో నిప్పు ఉండగానే ఆమె బేరమాడేది, తిట్టేది, నవ్వేది. చుట్ట బయటికి తీసి చేత్తో పట్టుకుందంటే మాత్రం ఏదో గట్టిమాట రాబోతోందని లెక్క. అది చూడగానే మా అమ్మకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చేది.

ఆమె పోయిందని పోయిన ఆదివారం తెలిసింది. కొండ మీద నుంచి ఒక మనిషి స్వయంగా వచ్చి చెప్పింది. పాప పడుకున్న తర్వాత దొరికే ఈ కాస్త సమయంలో, అప్ప గురించి గుర్తున్నవి రాసిపెడుతున్నాను. ఎప్పుడు పుట్టిందో, ఎవరిని పెళ్ళాడిందో నాకు తెలియదు. అసలు పేరేమిటో కూడా తెలియదు. ఊరికీ, మా రైల్వే క్వార్టర్లకీ కూడా ఆమె అప్పే, అంటే అక్కే.

మా నాన్న అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. ఇనుప రాయి మోసే బళ్ళ కోసం కొండలు తొలిచి కొత్తగా లైను వేసిన రోజులవి. అరకు దాటాక ఓ చిన్న స్టేషనులో మాకు క్వార్టరు ఇచ్చారు. ముందు పట్టాలు, వెనక పెరడు, పెరడు దాటితే చోడిచేలు, అంటే రాగిచేలు, ఆపైన కొండవాలులో అప్ప వాళ్ళ ఊరు. సంత రోజున ఆ ఊరి ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వరసగా దిగి మా పెరటి పక్కనుంచే వెళ్ళేవారు. అప్ప ఎప్పుడూ అందరికన్నా చివర నడిచేది. పెద్దదానివి కదా, ముందు నడవొచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"ముందున్నదానికి దారే అవుపిత్తాది. ఎనకున్నదానికి అందరూ అవుపిత్తారు," అంది. వంగి కాలు రుద్దుకుంటూ, "మోకాలు నొప్పే గుంటా. అందుకే ఎనకబడిపోతన్నాను," అని కూడా చెప్పింది.

సంత నుంచి తిరిగొచ్చేటప్పుడు మా పెరటి మెట్ల మీద కూర్చునేది. చిక్కుడు గింజలో, పసుపు కొమ్ములో అమ్మగా మిగిలినవి అమ్మకు అంటగట్టేది. సోల నిండుగా కొలిచేది కాదు. అమ్మ పట్టుకుంటే, "సోల సిన్నది కాదమ్మా, మీ కళ్ళే పెద్దయి," అనేది. ఆమె కోసం గోడమీద విడిగా ఒక సత్తు గ్లాసు ఉండేది. దాన్ని ఆమె ఒక్కసారీ ముట్టలేదు. దోసిలి పట్టి నీళ్ళు పోయించుకునేది. మా ఇంట్లో వండినదీ ఆమె తినేది కాదు. "మా ఓల్లు ఒప్పుకోరు," అనేది. అమ్మకు అది కొంచెం అవమానంగా ఉండేది.

రైలంటే ఆమెకు పడదు. సొరంగాలంటే భయం. "కొండ కడుపులోకి మనిసెందుకెల్లాల? పైనుంచి దారి నేదేటి?" అనేది. మా నాన్న టిక్కెట్టు లేకుండా ఎక్కిస్తానన్నా ఎక్కలేదు.

ఆమెకొక అలవాటు ఉండేది. అమ్మాయి గురించి ఎవరైనా ఏదైనా అడిగితే అదే ప్రశ్నను అబ్బాయి మీదికి తిప్పేది. వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా గాంగ్‌మన్ కొడుకు నన్ను చూసి ఈలవేశాడు. ఆ సంగతి అమ్మకు తెలిసి, "నువ్వెందుకు అటు చూశావు?" అని నన్ను నిలదీసింది. మెట్ల మీద గింజలు ఏరుతున్న అప్ప తలెత్తకుండానే, "ఆడెందుకు సూసినాడు?" అంది.

"నేను నా కూతుర్ని అడుగుతున్నాను," అంది అమ్మ.

"ఆడమ్మనడుగుదామా, మరి? ఇంటికాడే ఉంది."

అమ్మ అడగలేదు. అప్ప వెళ్ళి అడిగి వచ్చింది. ఆ సాయంత్రం గాంగ్‌మన్ క్వార్టరులోంచి వాళ్ళమ్మ గొంతు స్టేషను దాకా వినిపించింది.

ఆ మరుసటి ఏడు, వానలకు ముందు, ఘాటురోడ్డు పనులు జరుగుతున్నాయి. అప్ప ఊరి ఆడవాళ్ళు కంకర తట్టలు మోయడానికి వెళ్ళేవారు. వాళ్ళలో పెళ్ళీడుకొచ్చిన ఒక పిల్ల ఉండేది. ఆమె పేరు రాయను. రాయొద్దని ఆమె అనలేదు, రాయమనీ అనలేదు. ఒకరోజు పని దిగాక ఊట దగ్గర కాళ్ళుచేతులు కడుక్కోవడానికి వెనకబడింది. కాంట్రాక్టరు మనిషి, కింద నుంచి వచ్చిన మేస్త్రీ, ఆమె వెనకే వెళ్ళాడు. అతను ఆమెను చెరిచాడు. ఇక్కడ ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

మాటలు మాత్రం ఆ వారమంతా నడిచాయి. ఆ పిల్ల ఎప్పుడూ తలలో పూలు పెట్టుకుంటుందని టీకొట్టు దగ్గర అన్నారు. మేస్త్రీతో నవ్వుతూ మాట్లాడటం తను చూశానని పాయింట్స్‌మన్ అన్నాడు. నన్ను ఇంట్లోంచి కదలనివ్వడం మానేసింది అమ్మ. బడి కూడా మాన్పించింది. సంత రోజున అప్ప వస్తే అమ్మే కదిపింది.

"అంత పొద్దుపోయాక ఆ పిల్లకి ఊట దగ్గరేం పని, అప్పా?"

అప్ప చుట్ట బయటికి తీసింది. ఈసారి అమ్మ లేవలేదు.

"ఊటకాడ నీళ్ళుంటాయమ్మా. నీళ్ళకెల్లింది. ఆడెందుకెల్లినాడు? ఆడికి నీళ్ళు మోసేటోల్లున్నారు గదా."

అప్ప గడ్డంతో నన్ను చూపించింది. "ఈ గుంటేటి సేసిందని గదిలో ఎట్టినారు? గదిలో ఎట్టాల్సింది ఆడ్ని."

"మా భయం మాది," అంది అమ్మ.

"మీ బయం ఆడికి సాలా బాగుంటాదమ్మా," అని చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

వాళ్ళ ఊళ్ళో ఇంకో సమస్య ఉంది. బయటివాడు ముట్టిన పిల్ల కులానికి బయటపడినట్టు. తిరిగి కలవాలంటే ఆమె ఇంటివాళ్ళు 'తప్పు' పెట్టాలి, అంటే ఊరి పెద్దలకు పందిని కోసి, సారా పోసి, భోజనం పెట్టాలి. పెద్దలు తింటేనే తప్పు తీరినట్టు. అంతవరకు ఆమె ఊరిచివర చేలోని కాపలా పాకలో విడిగా ఉండాలి. ఎవరూ ఆమె చేతినీళ్ళు తాగరు. తాగినవాళ్ళు కూడా ఆమెతోపాటే బయటపడతారు. మేస్త్రీకి తప్పు వెయ్యరా అంటే, వాడు వాళ్ళ కులంవాడు కాదు, వాళ్ళ మాట వాడికి పట్టదు. బయటివాడి మీద వెయ్యలేని తప్పును లోపలిదాని మీద వేశారు. ఊరి పెద్దను వాళ్ళు నాయుడంటారు. ఆయన చెడ్డవాడేమీ కాదు. ముందునుంచీ ఉన్నదే చేశాడు.

ఆ పిల్ల తండ్రికి ఉన్నదల్లా దుక్కి ఎడ్లజత. వానలు పడబోతున్నాయి. వాటిని అమ్మి తప్పు పెడితే ఆ ఏడు దుక్కి లేదు, పంట లేదు. పెట్టకపోతే కూతురు ఆ పాకలోనే ఉండిపోవాలి. వచ్చే సంత కాక ఆపై సంతకి ఎడ్లను తోలుకెళ్ళడానికి అతను నిశ్చయించుకున్నాడు.

ఆ సంతకి ముందటి సంత రోజున జరిగింది నేను మా పెరట్లోంచి చూశాను. ఆ కాపలా పాక మా పెరటికి ఎగువన, కొండదారి పక్కనే ఉంది. ఎండ దిగలేదింకా. ఖాళీ గంపలతో ఆడవాళ్ళు వరసగా ఎక్కుతున్నారు. ఆ పాక దగ్గరికి రాగానే అందరూ రోజూ చేసినట్టే మొహం తిప్పుకుని దాటిపోతున్నారు. చివర నడుస్తున్న అప్ప ఆగింది. దారి దిగి పాక ముందుకెళ్ళి గంప బోర్లించి, దాని మీద కూర్చుంది. తర్వాత దోసిలి పట్టింది.

దూరం వల్ల మాకు మాటలు వినబడలేదు. ఆ పిల్ల పాకలోంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. చాలాసేపు కదల్లేదు. అప్ప దోసిలి అలాగే పట్టుకుని ఉంది. ముందు నడిచినవాళ్ళు ఒక్కొక్కరే ఆగి వెనక్కి చూస్తున్నారు. అమ్మ బట్టలారేస్తూ తడిచీర చేతిలోనే పట్టుకుని నిలబడింది. ఆఖరికి ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఆనపబుర్రతో నీళ్ళు తెచ్చి వంచింది. అప్ప తాగి, చేతులు మొహానికి తుడుచుకుంది.

అక్కడ ఏం మాట్లాడిందో తర్వాత అప్పే చెప్పింది. "ఏటీ అన్లేదు. 'బేగి పొయ్యే, సేతులు నొప్పెడతన్నాయి, నా ఎనక ఇంకా ఉన్నారు' అన్నాను. నా ఎనక ఎవులూ నేరు. ఆ సంగతి దానికీ తెలుసు."

కానీ వాళ్ళు వచ్చారు. ముందు ఇద్దరు ముసలివాళ్ళు దిగి వచ్చారు. తర్వాత నాయుడు భార్య. తర్వాత వరస అంతా వెనక్కి తిరిగింది. రాననుకున్న ఒకావిడ దారిలోనే నిలబడితే, ఆవిడ కోడలు ఆవిడను దాటి వచ్చి తాగింది. బుర్ర ఖాళీ అయితే ఆ పిల్ల లోపలికి వెళ్ళి మళ్ళీ నింపుకొచ్చింది. ఆ తర్వాత అందరూ గంపలు నెత్తినపెట్టుకుని, ఏమీ జరగనట్టు వరసగా ఊళ్ళోకి వెళ్ళిపోయారు. ఈసారి వరసలో చివర అప్ప లేదు. ఆ పిల్ల ఉంది. అప్ప ఆమె ముందు నడిచింది.

ఆ సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. అప్ప ఆ కథ మా మెట్లమీద ఎన్నోసార్లు చెప్పింది. చెప్పినప్పుడల్లా ఆమె మాటల్లో నాయుడు కాస్త పొట్టివాడయ్యేవాడు.

"'ఎవులు తాగినారు?' అని అడిగినాడు. 'ఎవులు తాగనేదో అడుగు, బేగి తెమిలిపోద్ది' అన్నాను. 'అయితే మీరంతా ఎలి' అన్నాడు. 'అలాగే బావూ. రేపట్నించి మాకు పాకలు కట్టండి. సేలు సాలవు, ఇంకో కొండ సూడండి. ముందు ఎవులింటి తప్పు తింటారో అది కూడా సెప్పండి' అన్నాను. ఆడి పక్కనోడు నవ్వేసినాడు. నాయుడు ఆడి పెళ్ళాం కేసి తిరిగినాడు. 'నువ్వూ తాగినావేటే?' అన్నాడు."

"ఆవిడేమంది?"

"'ఎండగా ఉంది, దాహమేసింది' అంది. అదీ నిజమే గదా. 'అంబలి కాసేసినాను, తింతావా, మానేత్తావా?' అంది."

ఆ రాత్రి నాయుడు తిన్నాడు. వెలివేసిన మనిషి చేతి అంబలి తిన్నాక ఆయనా బయటివాడే. ఇక లోపల ఉండి తప్పు తినడానికి ఎవరూ మిగల్లేదు. ఫలానా రోజున ఆచారం పోయిందని ఎవరూ చెప్పలేదు. ఎడ్లు మాత్రం సంతకి వెళ్ళలేదు. వానలు పడ్డాక మా పెరటి వెనక చేను దున్నుతూ కనిపించాయి.

మేస్త్రీ సంగతి వేరుగా తేలింది. అతను వచ్చి నిలబడిన చోటల్లా ఆడవాళ్ళు తట్టలు దించి కూర్చునేవారు. అతను వెళ్ళిపోతే మళ్ళీ ఎత్తుకునేవారు. వానలకు ముందు రోడ్డు తెమలాలి గనుక కాంట్రాక్టరు అతన్ని కిందికి పంపేశాడు. నాన్న రాసిచ్చిన కాగితంతో పోలీసు కేసు కూడా నడిచింది. కింద టౌను కోర్టులో ఆ పిల్ల సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. తోడు ఎవరు వెళ్ళాలంటే అప్పే వెళ్ళాలి. వెళ్ళాలంటే రైలెక్కాలి.

ఆ రోజు నాన్నతోపాటు నేనూ ఆ రైల్లోనే ఉన్నాను. మొదటి సొరంగం రాకముందే అప్ప చీరచెంగు తలమీంచి ముఖమంతా కప్పుకుంది. చుట్ట కూడా ఆర్పేసింది. చీకటి పడగానే సన్నగా మూలగడం మొదలెట్టింది. కోర్టులో ఏమడుగుతారోనని పొద్దున్నుంచీ నోరు విప్పని ఆ పిల్ల అప్ప భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఐపోనాది అప్పా, ఇదిగో ఎలుగొచ్చేసినాది," అనేది. వెలుగు రాగానే అప్ప చెంగు తీసి చూసేది. అంతలో ఇంకో సొరంగం. అలా నాలుగైదు అయ్యాక ఆ పిల్ల నవ్వింది. ఆపుకోలేక, చెంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. "నవ్వుతావేటే?" అని అప్ప చెంగులోంచే తిట్టింది. ఊట సంగతి జరిగాక ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అప్పుడే.

కోర్టులోకి నన్ను రానివ్వలేదు. నాన్న చెప్పిందే రాస్తున్నాను. ఒంటరిగా ఎందుకు వెనకబడ్డావని ప్లీడరు ఆ పిల్లను అడిగాడు. వెనక బల్లమీంచి అప్ప, "ఆడెందుకు ఎనకబడ్డాడు?" అంది. ఊరుకోమన్నారు. ఆ రోజు పూలు పెట్టుకున్నావా అని అడిగాడు. "ఆడేటెట్టుకున్నాడో అడగండి," అంది. బయటికి పంపేశారు. వరండాలో నాపక్కన కూర్చుని చుట్ట వెలిగించుకుంది.

కేసు కొట్టేశారు. తిరుగు రైల్లో అప్ప ఆ మాట ఎత్తలేదు. చాలాకాలం తర్వాత ఒకసారి మాత్రం, "ఆ కోర్టు పెద్దలకి వండిపెట్టేటోల్లు మా ఊర్లో నేరు. అదే సిక్కు," అంది.

విశాఖపట్నంలో కాలేజీ చదువుతున్నప్పుడు నేను మహిళాసంఘం వాళ్ళతో తిరిగేదాన్ని. ఒకసారి మా కొండమీది సంతలో సభ పెట్టారు. మా వాళ్ళు చాలాసేపు మాట్లాడారు. నేనూ మాట్లాడాను. అప్పను రెండు మాటలు చెప్పమంటే మైకు వద్దంది. చుట్టూ నిలబడి చోద్యం చూస్తున్న మగాళ్ళను చూసి, "ఈ యేల మీకిక్కడేటి పని? ఇంటికాడ సెప్పొచ్చినారా?" అంది. ఆడవాళ్ళు నవ్వారు. మగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. మగవాళ్ళు కూడా వినాలనే సభ పెట్టామని మా కార్యదర్శికి కోపం వచ్చింది. ఆ రోజు పాక ముందు అంత పెద్దపని ఎలా చేశావని ఆవిడ అప్పను అడిగింది కూడా. "నాకు పందిమాంసం పడదు," అంది అప్ప. ఆవిడ అది రాసుకోలేదు.

ఆమెను దేవతను చెయ్యడం నాకు ఇష్టం లేదు. కోడల్ని రాచిరంపాన పెట్టేది. చివరిదాకా సోల నిండుగా కొలవలేదు. నా పెళ్ళికి రమ్మంటే సొరంగాలున్నాయని రాలేదు.

ఆదివారం ఆమె కబురు తెచ్చింది ఆ పిల్లే. ఇప్పుడు పిల్ల అనకూడదు, పక్క ఊరి ఇల్లాలు, పిల్లలున్న తల్లి. నాన్న దగ్గర అడ్రసు తీసుకుని, చిక్కుడు గింజలు మూటకట్టుకుని, రైలెక్కి మా ఇంటికొచ్చింది. హాల్లో గోడకానుకుని కింద కూర్చుంది. కుర్చీ వేస్తే వద్దంది.

"జొరమొచ్చింది. సివరికి సుట్ట పట్టుకోనేకపోయినాది. నేనే ఎలిగించి నోట్లో ఎట్టినాను," అంది.

"నిప్పు లోపలికేనా?"

"మరెటు?" అని నవ్వబోయి మానేసింది.

పక్కన మా అత్తగారు పేపరు చదువుతున్నారు. మంచిమనిషే. మంచి చెడ్డలు పైకి చదివి వినిపించడం ఆవిడ అలవాటు. ఎక్కడో ఒక అమ్మాయికి జరిగిన ఘోరం చదివి, పేపరు దించి, "అయినా ఆ వేళప్పుడు ఆ పిల్ల బయటికెందుకెళ్ళిందో!" అన్నారు.

నేను ఏదో అనేలోపు కింద కూర్చున్న మనిషి తలెత్తింది. గొంతులో కోపం లేదు. ఊరి సంగతి అడిగినట్టే అడిగింది.

"ఆడెందుకెల్లినాడంట, అమ్మా?"

అత్తగారు పేపరు మళ్ళీ ఎత్తి, వెతికారు. పేజీ తిప్పి కూడా చూశారు.

"అది రాయలేదు," అన్నారు.

అప్పుడే పాప లేచి ఏడ్చింది. పాపకు ఏడో నెల. దాని నీళ్ళంటే నాకున్న భయం ఇంట్లో అందరికీ వేళాకోళం. మరగబెట్టి, పలచటి గుడ్డలో వడగట్టి, చల్లార్చి, మూతపెట్టి ఉంచుతాను. ఆ గిన్నె అత్తగారినీ ముట్టనివ్వను, పాప నాన్ననీ ముట్టనివ్వను. పాపను ఎత్తుకొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆ గిన్నె, ఉగ్గుగిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను.

"కాసిని నీళ్ళు పట్టవూ," అన్నాను.

ఆమె గిన్నెవైపు చూసింది. నావైపు చూసింది. ఆ రోజు పాక ముందు నిలబడినట్టే చేతులు కట్టుకుంది.

"సేతులు కడుక్కొత్తాను," అంది.

"కడుక్కునే కూర్చున్నావు కదా."

అత్తగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. ఆమె ఉగ్గుగిన్నె నింపి, కొసను పాప పెదవికి ఆనించింది. పాప మొదటి గుక్క ఉమ్మేసింది. రెండోది మింగింది. ఆ తర్వాత ఆమె వేలిని గుప్పిట్లో పట్టుకుని ఆపకుండా తాగింది. ఉగ్గుగిన్నె ఖాళీ అయ్యాక ఏడవబోయింది.

ఆమె మళ్ళీ నింపింది.